స్పూల్ టేపులోని తాతగారి పద్యాలు ల్యాప్‌టాప్‌లోకి సరిగా రావట్లేదు, తేడా ఎక్కడ?

కౌశిక_గట్టు:

నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తాతగారు (అమ్మ వాళ్ల నాన్న) పౌరాణిక నాటకాలు ఆడేవారు, ఆయన పద్యం ఎత్తుకున్నారంటే జనం తెల్లార్లూ కదిలేవారు కాదని ఇప్పటికీ మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్తారు. ఆయన గొంతు మాకు మిగిలింది స్పూల్ టేపుల్లోనే. అటక మీద రెండు అట్టపెట్టెలు, ఒక రేకు పెట్టె ఉన్నాయి. యంత్రం జపాన్ తయారీ, మా పెద్దమావయ్య సౌదీలో పనిచేసి 1978లో వస్తూ తెచ్చారు. స్టీరియోది, 7 అంగుళాల చక్రాలు పడతాయి, సెకనుకి 3¾, 7½ అంగుళాలు అని రెండు స్పీడులున్నాయి. బెల్టు కరిగి తారులా అయిపోతే కొత్తది వేయించాం, ఇప్పుడు బాగానే తిరుగుతోంది.

సంక్రాంతికి ఇంటికొచ్చాను కదా, కనుమ రోజు అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాక కూర్చుని మొదలుపెట్టా. యంత్రం హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి పాత ల్యాప్‌టాప్ మైకు సాకెట్‌లో పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తున్నా. పద్యం వరకు గొంతు వస్తోంది, కానీ చివర ఆయన రాగం తీసి నిలబెట్టినచోట రెండు మూడు సెకన్లకే సన్నబడిపోయి మాయమవుతోంది, వెనక హార్మోనియం కూడా దాంతోపాటే పోతోంది, మళ్లీ తర్వాతి మాట అందుకోగానే గభాల్న వచ్చేస్తోంది. యంత్రం సొంత స్పీకర్‌లో వింటే మాత్రం రాగం చివరిదాకా ఉంది. దీనికి తోడు గుయ్‌మని మోత ఒకటి.

ఇంకోటి అసలు అర్థం కావట్లేదు. మొదటి అట్టపెట్టెలో టేపులు స్పీడు సరిగ్గానే ఉన్నాయి. రెండో పెట్టెలోవి వేస్తే తాతగారి గొంతు బండగా, నిద్రమత్తులో పాడినట్టు వస్తోంది, స్పీడు మీట 7½కి మారిస్తే మరీ రెట్టింపు వేగం. పైగా ఆ పెట్టెలోవాటిలో పద్యం కింద ఇంకెవరో వెనక్కి మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది. టేపులు పాడైపోయాయా? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

వశిష్ఠ_రేవు:

టేపు పాడైతే ఇలా ఉండదు, టెన్షన్ పడకండి. రాగం మాయమవడం ఒక్కటీ పూర్తిగా మీ ల్యాప్‌టాప్ పనే. మైకు సాకెట్ మనిషి మాట కోసం పెట్టింది, విండోస్ అందులో నాయిస్ సప్రెషన్ నడిపిస్తుంది. మారకుండా ఒకేలా సాగే శబ్దాన్ని అది ఫ్యాను మోత కింద లెక్కేసి తీసేస్తుంది. నిలబెట్టిన రాగం, హార్మోనియం శ్రుతి దాని దృష్టికి ఫ్యాను మోతే. సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ అని ఉన్నచోట మీ మైకు ప్రాపర్టీస్ తెరిచి ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి, మైక్ బూస్ట్ సున్నాకి దించండి. ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్లు విడిగా పెట్టే ఆడియో యాప్ ఉంటే అందులోనూ చూడాలి, అక్కడ ఇంకొకటి దాక్కుని ఉంటుంది.

అది ఆపినా సరే ఆ సాకెట్ వాడొద్దనే నేను చెప్తా. మైకు సాకెట్ మిల్లీవోల్టుల కోసం, యంత్రం ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, తాతగారు గొంతు పెంచినచోటల్లా చిట్లుతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో అది మోనో కూడాను, రెండు చానళ్లూ కలిసిపోతాయి. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ డబ్బా ఒకటి కొనుక్కోండి. బెహ్రింగర్ యూసీఏ202 లాంటిది చిన్నదే, ఎరుపు తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు నేరుగా ఉంటాయి, 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకు చేస్తుంది. యంత్రం వెనక లైన్ అవుట్ అని ఉంటుంది, అక్కడి నుంచి తీయండి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కాదు. ఆడాసిటీలో శిఖరాలు −12 నుంచి −6 డెసిబెల్ మధ్య ఆడేలా పెట్టుకుంటే చాలు.

మోతకి ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. మోత పడిపోతే అది ఎర్త్ లూపు, అంటే రెండు పరికరాల ఎర్త్ వైర్ల మధ్య కరెంటు తిరగడం, రెండింటినీ ఒకే ప్లగ్గు బోర్డులోంచి ఇవ్వండి. దానికోసం మూడో పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా చెప్తే మాత్రం వినొద్దు. తడి నేల, పాత రేకు యంత్రం, షాకు కొడుతుంది. ఇన్వర్టర్ మీద కూడా నడపకండి, చవక ఇన్వర్టర్ల కరెంటు చదరపు తరంగం, మోత ఇంకా పెరుగుతుంది.

స్పీడు సంగతి నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.

రావులపాలెం_సెంటర్:

మా వైపు ఓల్టేజీ సాయంత్రమైతే 180కి పడిపోతుంది, అందుకే గొంతు బండబారుతుంది. మంచి స్టెబిలైజర్ పెట్టండి, సరిపోతుంది.

పాత_రేడియో_బల్ల:

స్టెబిలైజర్‌తో కాదు తమ్ముడూ. ఓల్టేజీ పడిపోతే రెండు పెట్టెల టేపులూ బండగానే రావాలి, ఒక పెట్టె బాగుండి ఇంకో పెట్టె పాడవదు కదా. అసలు కిటుకు ప్రశ్నలోనే ఉంది, సౌదీ అన్నారు చూడండి.

కాకినాడలో ఈ పని చేస్తూనే నా జుట్టు నెరిసింది, గల్ఫ్ నుంచి వచ్చిన స్పూల్ యంత్రాలు నా బల్ల మీదికి చాలా ఎక్కాయి. కువైట్, దుబాయ్ కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగేది. సౌదీది 60. ఆ రోజుల్లో ఈ యంత్రాల్లో చాలావాటికి ఏసీ సింక్రనస్ మోటారు, అది ఓల్టేజీని బట్టి కాదు, హెర్ట్జ్‌ని బట్టి తిరుగుతుంది. 60కి అమర్చిన మోటారుని మన 50లో పెడితే ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది. స్టెబిలైజర్ దిద్దేది ఓల్టేజీని, హెర్ట్జ్‌ని కాదు.

కౌశిక గట్టు గారూ, కరెంటు ప్లగ్గు తీసి యంత్రం వెనక రేకు మీద ఏం రాసుందో చదవండి. ఓల్టేజీ మీట ఉంటే అది 220 లేదా 240 మీద ఉందో లేదో చూడండి, సౌదీలో పాత ఇళ్లలో 127 ఓల్టులు ఉండేది. మీది ఇన్నాళ్లూ కాలిపోలేదు కాబట్టి అది ఎవరో మార్చే ఉంటారు, కానీ దాంతోపాటు మార్చాల్సిన పుల్లీని వదిలేసి ఉంటారు. మోటారు ఇరుసు మీద రెండు మెట్లుగా ఉండే ఇత్తడి పుల్లీ ఉంటుంది, లావు మెట్టు 50కి, సన్న మెట్టు 60కి. కొన్నిటిలో బెల్టు పక్క మెట్టుకి జరిపితే చాలు, కొన్నిటిలో పుల్లీయే విప్పి తిరగేసి బిగించాలి, మోటారు కెపాసిటర్ వైరు కూడా మార్చాల్సిన మోడళ్లున్నాయి. అందుకని మోడల్ నంబరు, లోపలి ఫొటో పెట్టకుండా చెయ్యి పెట్టకండి.

ముందు నాకు రెండు సంగతులు కావాలి. ఏ పెట్టె టేపులు ఏ యంత్రం మీద రికార్డు చేశారు? తాతగారి శ్రుతి ఎంత?

కౌశిక_గట్టు:

మీరు చెప్పింది చదివి ఒళ్లు జలదరించింది అండి. వెనక రేకు చూశా, ఓల్టేజీ మీట 220 మీదే ఉంది, దాని పక్కన 60 అని చిన్న చీటీ అంటించి ఉంది. అమ్మని అడిగా. మొదటి పెట్టెలోవి మావయ్య సౌదీ నుంచి వచ్చేశాక ఇదే యంత్రం మీద మా ఇంట్లో రికార్డు చేసినవి. రెండో పెట్టె అంతకు ముందుది, ఊళ్లో హైస్కూలు మాస్టారి మోనో యంత్రం మీద చేసి ఇచ్చినవి. రేకు పెట్టెలోవి మావయ్య అక్కడి నుంచి మాటలు రికార్డు చేసి ఉత్తరాల బదులు పంపినవి.

తాతగారిది ఐదు శ్రుతి అని అమ్మ ఖాయంగా చెప్తోంది. రెండో పెట్టె టేపులో ఫోన్ ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే శ్రుతి మూడు దగ్గర, ఇంకాస్త కిందకే చూపిస్తోంది.

విండోస్‌లో అవన్నీ ఆపేశాక రాగం చివరిదాకా వస్తోంది అండి! వశిష్ఠ రేవు గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అమ్మ పక్కనే కూర్చుని వింది. యూఎస్‌బీ డబ్బా ఆర్డరు పెట్టా.

రీడు_శ్రుతి:

రాజోలు నుంచి. నాటకాలకి హార్మోనియం వాయించే ఇంట్లో పుట్టాను, శ్రుతి లెక్క నేను చెప్తాను. ఐదంటే జి, మూడంటే ఇ, మధ్యలో తేడా మూడు అర్ధస్వరాలు. ఆరింట ఐదు వంతుల వేగంతో తిరిగితే శ్రుతి దిగాల్సింది 3.16 అర్ధస్వరాలు. మీ యాప్ మూడుకి ఇంకాస్త కిందకి చూపించిందంటే సరిగ్గా అదే. పాత హార్మోనియం రీడ్లు ఏళ్లు గడిస్తే కాస్త దిగుతాయి, నాటకానికో పెట్టె మారుతుంది, అయినా ఇంత తేడా రీడ్ల వల్ల రాదు. గాయకుడు ఆ రోజు గొంతు బాగోక అర శ్రుతి దించి పాడాడేమో అనే అనుమానం ఎప్పుడూ ఉంచుకోవాలి గానీ, ఐదు వాడు మూడుకి దిగి పద్యం పాడడు.

ఒక్క మాట. ఆడాసిటీలో సరిచేయాలనుకుంటే స్పీడు, పిచ్ రెండూ కలిపి మార్చే ఎఫెక్టు వాడాలి, గుణకం 1.2. పిచ్ ఒక్కటే మార్చేది వాడితే శ్రుతి ఐదుకి వస్తుంది కానీ నడక అలాగే ఈడుస్తుంది, గమకాలన్నీ చెడిపోతాయి.

పాత_రేడియో_బల్ల:

ఇప్పుడు లెక్క పూర్తిగా కుదిరింది. మొదటి పెట్టె ఈ యంత్రం మీదే, మన కరెంటులోనే, తక్కువ వేగంతో రికార్డయింది. అదే తక్కువ వేగంతో తిరిగి వాయిస్తున్నారు కాబట్టి సరిగ్గా వినిపిస్తోంది. మాస్టారి యంత్రం సరైన వేగంతో రికార్డు చేసింది, దాన్ని ఇది ఈడుస్తోంది.

అందుకని జాగ్రత్తగా వినండి, పుల్లీ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ముందు మొదటి పెట్టె మొత్తం ఉన్నది ఉన్నట్టు ఎక్కించేయండి. పుల్లీ దిద్దాక ఆ టేపులు వేస్తే తాతగారు 1.2 రెట్ల వేగంతో కీచుగొంతుతో పాడతారు. మొదటి పెట్టె అయిపోయాక పుల్లీ మార్చి రెండో పెట్టె, రేకు పెట్టె ఎక్కించండి. సాఫ్ట్‌వేర్‌లో 1.2తో కూడా గుణించుకోవచ్చు, రీడు శ్రుతి గారు చెప్పింది తప్పేం కాదు. కాకపోతే యంత్రంలో తక్కువ, ఎక్కువ స్వరాలని దిద్దే ఈక్వలైజేషన్ సర్క్యూట్ సరైన వేగానికి లెక్క కట్టింది, ఈడుస్తున్నప్పుడు అది పక్కకి తప్పుతుంది, తర్వాత వేగం పెంచినా ఆ తేడా ఉండిపోతుంది. యంత్రంలో కుదిరే పని యంత్రంలోనే చేయడం నా పద్ధతి.

అనుమానం తీరాలంటే ఇంకో పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మాస్టారు రికార్డు చేసినప్పుడు ఆయన ఇంటి కరెంటు మోత కూడా సన్నగా టేపులోకి ఎక్కుతుంది. పద్యానికి పద్యానికి మధ్య నిశ్శబ్దంగా ఉన్న ముక్కని ఆడాసిటీలో పట్టుకుని ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంతుందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో సైజు బాగా పెంచి చూడండి. ఇప్పటి మీ ఇంటి మోత 50, 100 దగ్గర నిటారుగా ఉంటుంది. దానికి ఎడం పక్కన 41.7, 83.3 దగ్గర ఇంకో జత చిన్న ముళ్లు కనిపిస్తే అది మాస్టారి ఇంటి కరెంటు. అంతకంటే సాక్ష్యం వద్దు. ఈ పరీక్ష మావయ్యగారి టేపుల మీద పనిచేయదు, అక్కడి 60 హెర్ట్జ్ మోత ఇక్కడ ఈడ్చేసరికి సరిగ్గా 50కి దిగి మీ ఇంటి మోతలో కలిసిపోతుంది. అది చూసి వేగం సరిగ్గానే ఉందనుకుని మోసపోకండి.

రెండో పెట్టె మూగగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తే హెడ్ (టేపుని చదివే ముక్క) వాలు తేడా. హెడ్ పక్కన స్క్రూ ఉంటుంది, పాత స్థానం మార్కరుతో గీసుకుని, పద్యం వచ్చే చానల్ ఒక్కటే వింటూ పావు చుట్టు కూడా కాదు, వెంట్రుకవాసి తిప్పాలి, స, శ అక్షరాలు ఎక్కడ పదునుగా పలికితే అక్కడ ఆపాలి. మొదటి పెట్టెకి దాన్ని ముట్టుకోవద్దు. హెడ్లు, టేపు తగిలే రేకు భాగాలు ప్రతి టేపుకీ ముందు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, దూది పుల్ల గోధుమరంగు పట్టడం ఆగేదాకా. టేపుని నొక్కి లాగే పించ్ రోలర్ రబ్బరుకి మాత్రం తడి గుడ్డ, కాస్త సబ్బు చాలు.

కౌశిక_గట్టు:

83 దగ్గర ముల్లు కనిపించింది అండి! సన్నగా ఉంది, కానీ ఉంది. మాస్టారి ఇంటి కరెంటు అన్నమాట.

వెనక్కి మాట్లాడేది ఎవరో మాత్రం ఇంకా తేలలేదు. యంత్రానికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే ఎడమ చెవిలో పద్యం, కుడి చెవిలో ఆ వెనక్కి మాటలు. మరో విషయం, రేకు పెట్టె 96 తుఫానులో పైపెంకులు లేచిపోయినప్పుడు తడిసిందట. తెరిస్తే రెండు చక్రాల అంచుల మీద తెల్లటి బూజు. అవి వేయొచ్చా?

గౌతమి_భద్రం:

రాజమండ్రి నుంచి. పాత టేపులు, ప్లేట్లు భద్రపరిచే పని చేస్తాను.

వెనక్కి మాట్లాడేది రెండో వైపు. మాస్టారి మోనో యంత్రం టేపు వెడల్పులో పై సగం మీద ఒక వైపు, తిరగేసి వేశాక కింది సగం మీద రెండో వైపు రికార్డు చేసింది. మీ స్టీరియో హెడ్ నాలుగు ట్రాకుల లెక్కన 1, 3 చదువుతుంది. 1 పై సగంలో పడుతుంది, 3 కింది సగంలో పడుతుంది, అందుకే ఒక చెవిలో ముందుకి, ఒక చెవిలో వెనక్కి. ఇది మీకు లాభమే. స్టీరియోగా ఒకసారి రికార్డు చేసి, ఆడాసిటీలో స్టీరియోని రెండు మోనోలుగా విడదీసి, కుడి చానల్‌కి రివర్స్ ఎఫెక్టు వేస్తే రెండు వైపులూ ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి, టేపుకి అరుగుదల సగం తగ్గుతుంది. అందుకే ఈ పెట్టెకి యూఎస్‌బీ డబ్బా వచ్చేదాకా ఆగాల్సిందే, మోనో మైకు సాకెట్‌లో ఆ రెండూ కలిశాక మళ్లీ విడదీయలేరు.

ఎక్కించిన అసలు ఫైలుని వేవ్‌గా దాచండి. ఐఏఎస్‌ఏ అని ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఉంది, వాళ్లు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలంటారు. స్టీరియోలో అది గంటకి 1 జీబీ పైచిలుకు. మీ డబ్బా 16 బిట్‌దైతే దానికోసం ఆగిపోవద్దు, ఇంటి టేపు సొంత బుస ఉండే మట్టానికి 16 బిట్ సరిపోతుంది, టేపు రోజురోజుకీ చెడేదే కాబట్టి ఇవాళ 16లో దొరికినా మంచిదే. నాయిస్ తీసేయడం, అందంగా చేయడం అన్నీ నకలు మీదే చేయాలి, అసలు దాని మీద ఒక్క ఎఫెక్టు కూడా వేయకూడదు. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తుంది. రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లో. పెట్టె మీద పెన్నుతో రాసిన ప్రతి అక్షరాన్నీ ఫొటో తీయండి, ఏ నాటకం, ఎవరి హార్మోనియం, ఏ ఊరి తిరునాళ్లు అన్నీ అక్కడే ఉంటాయి. అమ్మగారికి గుర్తున్నది కూడా ఇప్పుడే రాసుకోండి.

బూజు పట్టినవి యంత్రం మీద పెట్టొద్దు. ఆ బూజు హెడ్లకి, రోలర్‌కి అంటి మిగతా టేపులన్నిటికీ పాకుతుంది, మీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. వాటిని ఇవాళే వేరే గదిలోకి మార్చండి. ముట్టుకునేటప్పుడు ఎన్‌95 మాస్కు, చేతి తొడుగులు. ఎండలో పెట్టకూడదు, ఫ్రిజ్‌లో అసలే పెట్టకూడదు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని వారాలు ఉంచి, పొట్లాలు రంగు మారినప్పుడల్లా మార్చండి. మన డెల్టాలో ఈ పని ఇప్పుడు, పుష్యమాఘాల్లోనే చేయాలి, తొలకరి పడ్డాక గాలిలోనే నీళ్లుంటాయి. ఆరాక బూజు పొడి పొడిగా రాలుతుంది, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో అంచులు దులిపి, తర్వాత నూగు రాలని గుడ్డ మధ్యగా టేపుని చేత్తో నెమ్మదిగా ఇంకో చక్రానికి చుట్టాలి. ఫాస్ట్ ఫార్వర్డ్ వద్దు.

దానికి ముందు ప్రతి చక్రాన్నీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. చుట్టలోంచి వెలుగు కనబడితే అది పాత ఎసిటేట్ టేపు, పెళుసు, లాగితే పుటుక్కున తెగుతుంది, చెడుతుంటే వెనిగర్ వాసన వస్తుంది. వెలుగు రాకపోతే పాలిస్టర్, సాగుతుంది గానీ సులువుగా తెగదు. జిగురెక్కిన టేపుని ఓవెన్‌లో వేడి చేయమని ఎక్కడో చదువుతారు. అది 70ల మధ్య నుంచి వచ్చిన, వెనక నల్ల పూత ఉన్న కొన్ని రకాల పాలిస్టర్ టేపులకి మాత్రమే, అదీ 50 డిగ్రీల చిల్లర దగ్గర గంటల తరబడి నిలకడగా ఉంచగలిగిన పరికరంతో. వంటింటి ఓవెన్‌తో కాదు. ఎసిటేట్‌ని వేడి చేస్తే ఇక అంతే.

కౌశిక_గట్టు:

రేకు పెట్టెలో ఒకదానికి వెనిగర్ వాసన ఉంది అండి, మిగతావి వెలుతురులో నల్లగానే ఉన్నాయి. దాన్ని విడిగా తీసి పెట్టా.

గౌతమి_భద్రం:

దాన్ని మిగతావాటితో ఒకే డబ్బాలో మూయకండి, ఆ ఆవిరి పక్క టేపులని కూడా చెడగొడుతుంది. అంచుల మీద బూజు లేకపోతే ఎక్కించే వరసలో అదే మొట్టమొదటిది కావాలి, పుల్లీ మార్చకపోయినా పర్లేదు, 1.2 గుణకంతో సరిపెట్టుకోవచ్చు. బూజు కూడా ఉంటే ఇంట్లో ప్రయత్నించొద్దు, రాజమండ్రి వచ్చినప్పుడు తీసుకురండి, కలిసి చూద్దాం.

పాత_రేడియో_బల్ల:

అవును, ఆ ఒక్కటి ఆగదు. లోపలి ఫొటోలు పెట్టండి కౌశిక గట్టు గారూ, మోటారు పుల్లీ, కెపాసిటర్, బెల్టు దారి మూడూ కనబడేలా. మొదటి పెట్టె అయ్యేలోగా ఏ స్క్రూ ఎటు తిప్పాలో రాసి పెడతాను.